రెండు వేళ్ళ పల్లం

నా ఎడమ భుజం కుడి భుజం కన్నా రెండు వేళ్ళు పల్లంగా ఉందన్న సంగతి ఇరవై రెండేళ్ళు నా దగ్గర దాచావమ్మా.

ముందు ఇది రాసేశాను. నేను ఇక్కడ క్షేమం, నువ్వక్కడ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడానికి చెయ్యి రావడం లేదు. ముక్కూ మొహం తెలియని మనిషి, నా పేరు కూడా నోరు తిరగని మనిషి, మెడలో టేపు వేసుకుని నా వెనక నిలబడి ఒక్క నిమిషంలో కనిపెట్టేశాడు. నువ్వేమో నా ఒంటి మీదికెక్కిన ప్రతి గుడ్డా నీ చేత్తో కుట్టినదానివి. ఒక్క ముక్క చెప్పలేదు. ఫోన్ చేసి అడుగుదామనుకున్నాను. కానీ నీ సంగతి నాకు తెలియదా? నీకు ఇష్టంలేని మాట రాగానే "కుక్కరు కూతేస్తోంది, పెట్టేస్తున్నా" అంటావు. మధ్యాహ్నం మూడింటికి కూడా కుక్కరే. అందుకే కాగితం మీద రాస్తున్నాను. మధ్యలో మడిచి దిండు కింద పెట్టకుండా చివరిదాకా చదువు.

జరిగింది జరిగినట్టు చెబుతాను. సీసాలు నింపే కొత్త యంత్రం పని నేర్చుకు రమ్మని మా కంపెనీ నన్నూ ఇంజనీరు సారునూ ఇంత దూరం పంపింది కదా. ఏ బోల్టు ముట్టుకోవాలన్నా ముందు పుస్తకం తిరగేస్తాడని ఆయనకి పుస్తకం సారు అని పేరు పెట్టాను, మనసులోనే లే. ఆరు వారాల శిక్షణ ఇంకో తొమ్మిది రోజుల్లో అయిపోతుంది. ఆఖరి రోజు సభ. యంత్రం తయారుచేసినవాళ్ళు, మన కంపెనీ పెద్దలు వరసగా కూర్చుంటారు. అప్పుడు నన్ను వేదిక మీదికి పిలిచి ఫోర్‌మన్ పదవి ఇచ్చినట్టు ఉత్తరం చేతిలో పెడతారు. పదో తరగతి గట్టెక్కనివాణ్ణి, విప్పి బిగించి విప్పి బిగించి పని నేర్చుకున్నవాణ్ణి, నన్ను! ఫోన్‌లో చెప్పినప్పుడు నా చేత రెండుసార్లు మళ్ళీ చెప్పించుకున్నావు. ఆ రోజు మాత్రం కుక్కరు కూత వెయ్యలేదు.

ఆ సభకి అందరూ సూటు వేసుకుని రావాలని గోడ మీద నోటీసు అంటించారు.

"ఏమయ్యా, నీకు సూటుందా?" అన్నాడు పుస్తకం సారు.

"రెండు ఓవరాళ్ళున్నాయి సార్. ఒకటి ఉతికిందే."

ఆయన నవ్వి, చెయ్యి పట్టుకుని రెడీమేడ్ దుకాణానికి లాక్కెళ్ళాడు. ఆరు కోట్లు తొడిగి చూశాను. ఆరూ ఎడమవైపు జారి వేలాడుతున్నాయి. షాపు పిల్ల ప్రతి కోటుకీ ఆ వైపు గుడ్డ పైకి లాగి, వదిలి, మళ్ళీ లాగి, చివరికి నా వంక జాలిగా చూసింది.

"నిటారుగా నిలబడవయ్యా బాబూ! బస్సు కోసం నిలబడ్డట్టు ఏమిటా వాలడం?" అన్నాడు సారు.

"నేను సరిగ్గానే నిలబడ్డాను సార్. కోటే సరిగ్గా లేదు."

"ఆరు కోట్లూనా?"

"ఈ ఊళ్ళో ఎవరికీ కత్తిరించడం రాదు సార్. మా అమ్మయితే..." అని ఆగిపోయాను. ఎందుకు ఆగానో కింద రాస్తాను. అప్పటికీ నాకు బుర్రలో వెలగలేదు చూడు. యంత్రం ఒక నూలుపోగంత వాలినా పక్క గదిలోంచి చప్పుడు విని చెప్పేస్తానని అందరూ నన్ను మెచ్చుకుంటారు. నా ఒళ్ళు రెండు వేళ్ళు వాలి ఉందని నాకు తెలియదు!

మేముండే గదులకి రెండు వీధుల అవతల ఒక టైలరు ఉన్నాడంటే సోమవారం సాయంత్రం పని అయ్యాక వెళ్ళాను. మెట్లెక్కాలి. పైన పొడుగాటి గది. ఒక పక్క గుడ్డ తానులు నిలబెట్టి ఉన్నాయి, ఇంకో పక్క నలుగురు వంచిన తల ఎత్తకుండా కుడుతున్నారు. వెళ్ళగానే ఏం తగిలిందో తెలుసా ముక్కుకి? తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె పెట్టినప్పుడు వచ్చే ఆవిరి వాసన. మన ముందుగది వాసన. ఒక్క క్షణం గుమ్మంలోనే నిలబడిపోయాను.

టైలరు పెద్దాయన. తల నెరిసింది, చేతులు మాత్రం కుర్రవాడివి. ఆయన భాష నాకు రాదు. నా అదృష్టం, ఆ గదిలో ఇస్త్రీ చేసే అక్క మన మాట మాట్లాడే మనిషి. వచ్చి ఇరవై ఏళ్ళయిందట. నేను ఫోన్‌లో సారుతో మాట్లాడుతుంటే విని, ఇస్త్రీపెట్టె అక్కడే నిలబెట్టి పరుగెత్తుకొచ్చింది.

"ఏ ఊరు, ఎవరబ్బాయివి, పెళ్ళయిందా?" మూడూ ఒకే ఊపిరిలో.

"కోటు కోసం వచ్చాను అక్కా."

"అయితే కాలేదన్నమాట. రా, ఇలా నిలబడు. కడుపు లోపలికి పీల్చకు, తర్వాత బొత్తాం పట్టదు."

అద్దం ముందు నిలబెట్టారు. అమ్మా, అది మూడు రెక్కల నిలువుటద్దం. ముందు, పక్క, వెనక అన్నీ ఒకేసారి కనపడతాయి. ఇరవై ఆరేళ్ళు వచ్చాక నా వీపు నేను మొదటిసారి చూసుకున్నాను. పెద్దాయన టేపుతో మెడ నుంచి ఒక భుజం కొలిచాడు, రెండోది కొలిచాడు, మళ్ళీ మొదటిది కొలిచాడు. ఆగాడు. అక్కతో ఏదో మెల్లగా అన్నాడు.

"తమ్ముడూ, ఏమీ అనుకోకు. ఈ భుజం చిన్నప్పుడు విరిగిందా అని అడుగుతున్నాడు."

"ఏ భుజం?"

"ఏ భుజం ఏమిటి, నీ భుజమే. ఎడమది."

"నాకేమీ విరగలేదే."

ఆయన కత్తిరింపు బల్ల మీది చెక్క స్కేలు తెచ్చి నా రెండు భుజాల మీదా అడ్డంగా పెట్టాడు. నేను యంత్రం మీద నీటిబుడగ లెవెలు పెట్టినట్టే. స్కేలు ఎడమవైపుకి వాలిపోయింది. ఆయన సందులో రెండు వేళ్ళు దూర్చి చూపించాడు. నిండుగా పట్టాయి.

"నిజంగా తెలియదా?" అంది అక్క. నవ్వడం మానేసింది. "మీ ఇంట్లో అద్దం లేదా తమ్ముడూ?"

ఉంది. అరచెయ్యంత అద్దం, మేకుకి తగిలించింది, మొహం తప్ప మెడ కూడా కనపడనిది. కుట్టుపని చేసే ఇంట్లో నిలువుటద్దం లేకపోవడమేమిటని వచ్చినవాళ్ళందరూ నిన్ను దెప్పేవాళ్ళు. "అద్దం పెడితే నా తప్పులన్నీ మీకు కనపడిపోవూ!" అని నువ్వు నవ్వేదానివి. నేనూ నవ్వేవాణ్ణి. మూడు రెక్కల అద్దం ముందు నిలబడి ఉండగానే ఆ నవ్వు గుర్తొచ్చింది. ఆ తర్వాత కోపం వచ్చింది. ఇంకా పోలేదు.

ఆ రోజు నుంచీ పని చేస్తున్నా, తింటున్నా అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొస్తున్నాయి. కిటికీ పక్కన నీ కాలి మెషిను. పొద్దున ఎండ దాని చక్రం మీద పడి గోడ మీద తిరిగేది, నేను ఆ వెలుతురుని పట్టుకోవాలని గోడ గీకేవాణ్ణి. బట్ట కత్తెరతో కాగితం కత్తిరించానని ఒకసారి వీపు మీద ఒక్కటిచ్చావు, తర్వాత నువ్వే ఏడ్చావు. పళ్ళ మధ్య గుండుసూదులు పెట్టుకుని మాట్లాడేదానివి, నాకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. "చెయ్యెత్తమంటోంది అత్తా", "వెనక్కి తిరగమంటోంది పిన్నీ" అని నేను పక్కన నిలబడి చెప్పేవాణ్ణి. ట్రయలుకి వచ్చిన ప్రతివాళ్ళకీ నువ్వు చెప్పే మొదటి మాట "నిటారుగా నిలబడు". పోలీసాయనకి కూడా చెప్పావు. ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారి కూడా ఆ మాట చెప్పలేదు. నేను పుట్టుకతోనే బుద్ధిగా నిలబడేవాణ్ణనుకున్నాను!

మా డ్రిల్లు మాస్టరు గుర్తున్నాడా? వరసలో వంకరగా నిలబడ్డానని బెత్తంతో నా ఎడమ భుజం మీద తట్టాడు. ఇంటికొచ్చి చెప్పాను. మర్నాడు నువ్వు కుట్టుపని పక్కన పెట్టి బడికి వచ్చావు. చెట్టు కింద ఆయనతో ఏదో మాట్లాడావు. ఆ తర్వాత ఆయన నా జోలికి రాలేదు, పైగా వరసలో నన్ను చివర నిలబెట్టేవాడు. మా అమ్మంటే మాస్టరుకి కూడా భయమని బడంతా చాటాను. అందరి సంచులూ భుజానికి వేలాడేవి, నా సంచికి మాత్రం మెడలోంచి అడ్డంగా వేసుకునేలా పట్టీ కుట్టావు. ఎందుకమ్మా అంటే "పరుగెత్తేటప్పుడు జారకుండా" అన్నావు. బజారు చొక్కా కావాలని ఏడిస్తే ఎన్ని కబుర్లు చెప్పావు! దారం మంచిది కాదు, ఒక్క ఉతుకుకి పోతుంది, ఎవరికో కుట్టింది నీకెందుకు. అన్నీ దీనికేనా? ఒక చిన్న పిల్లవాడికి వాడి భుజం గురించి తెలియకుండా ఉండటానికి ఇంత పెద్ద ఏర్పాటా?

టైలరు దగ్గరికి వెళ్తున్నానని ఫోన్‌లో చెప్పాక నువ్వు రాసిన ఉత్తరం కంపెనీ టపా సంచిలో బుధవారం వచ్చింది. అడిగినవాటికి జవాబులు రాయకపోతే అలుగుతావు కనక రాస్తున్నాను. వేళకి తింటున్నాను. పొద్దుటిపూట చలిగా ఉంటుంది, నువ్విచ్చిన మఫ్లరు చాలు. దగ్గు తగ్గింది. సూటు గుడ్డ ముదురు నీలం. నల్లది తీసుకోవద్దన్నావు, తీసుకోలేదు. లోపలి లైనింగు జారుడు గుడ్డ, నువ్వయితే ఒప్పుకోవు. పుస్తకం సారుతో పోట్లాడకుండా ఉంటున్నావా అన్నావు. ఒకసారే పోట్లాడాను, తప్పు ఆయనదే, ఆయనే ఒప్పుకున్నాడు. ఇన్ని ప్రశ్నల మధ్యలో, బియ్యంలో రాయిలాగా, ఇంకొకటి పెట్టావు: "టైలరు కొలతలు తీసుకుంటూ ఏమైనా అన్నాడా?"

అన్నాడమ్మా. అన్నాడు.

ఆ ముక్క చదివాక ఇక ఆగలేక పెద్దమ్మకి ఫోన్ చేశాను. ముందు నీలాగే బుకాయించింది. మీ అక్కచెల్లెళ్ళకి ఇది ఒంట్లోనే ఉంది.

"భుజమేమిట్రా, దూరదేశం వెళ్ళి పిచ్చి పట్టిందా?"

"పెద్దమ్మా, స్కేలు పెట్టి కొలిచాడు. రెండు వేళ్ళు. ఇంకా దాస్తావా?"

లేచి వెళ్ళి తలుపు వేసిన చప్పుడు వినపడింది. తర్వాత చెప్పింది. నాన్న పోయిన మరుసటి ఏడు. నాకు నాలుగేళ్ళు. నేల తడిగా ఉందని నన్ను కత్తిరింపు బల్ల మీద గుడ్డల మధ్య పడుకోబెట్టావు. నువ్వు మెషినులో దారం అయిపోయి బాబిన్ మార్చడానికి అటు తిరిగావు. నేను దొర్లి కిందపడ్డాను. ఏడ్చి ఏడ్చి నిద్రపోయాను, ఒళ్ళు వెచ్చబడింది. దెబ్బకి జ్వరం వచ్చిందనుకున్నావు. మూడు రోజుల తర్వాత డాక్టరుకి చూపిస్తే మెడ కింద ఎముక విరిగిందన్నాడు. చెయ్యి కట్టాడు. కట్టు విప్పేసరికి ఎముక ఒకదాని మీద ఒకటి ఎక్కి అతుక్కుపోయింది.

"మళ్ళీ విరిచి సరిగ్గా కట్టాలన్నాడురా డాక్టరు," అంది పెద్దమ్మ. "మీ అమ్మ ఒప్పుకోలేదు. ఒకసారి విరగ్గొట్టింది చాలు, రెండోసారి నేను విరగ్గొట్టించనంది. నిన్ను ఒళ్ళోంచి దింపలేదు. అదేం అన్నా అనకపోయినా నువ్వు దాన్ని ఏమీ అనకురా."

నేను అనకుండా ఎలా ఉంటాను? నాకు తెలిసినంతవరకూ ఆ ఏడు నాకు పెద్ద జ్వరం వచ్చింది, అంతే. నువ్వు చెప్పిన కథ అది. నేను రోజంతా యంత్రం దగ్గర నిలబడే మనిషిని. పూటకి నలభైసార్లు పక్కకి తిరుగుతాను. బాబిన్ అయిపోతే మార్చకుండా ఎవరు ఉంటారు? అది తప్పెలా అవుతుంది? తప్పు కానిదాన్ని ఇరవై రెండేళ్ళు ఒక్కదానివే నెత్తిన పెట్టుకున్నావు, ఆ బరువు ఉందని కూడా నాకు తెలియనివ్వలేదు. నా కోపం అందుకు. భుజానికి కాదు.

నిన్న, శుక్రవారం, మొదటి ట్రయలు. పొడుగు పొడుగు తెల్ల దారాలతో కచ్చాగా కుట్టిన కోటు తొడిగాడు పెద్దాయన. ఎడమ చేతి భుజం దగ్గర గుడ్డ విడిగా వదిలేసి, అక్క చేత అడిగించాడు: లోపల ప్యాడు వేసి దాచేయమంటావా, ఉన్నది ఉన్నట్టు కత్తిరించమంటావా? రెండూ చేయగలనన్నాడు. నేను సంచిలోంచి ఒక చొక్కా తీసి బల్ల మీద పెట్టాను. నువ్వు కుట్టిన ఎర్ర గళ్ళ చొక్కా. నా పెట్టెలో నీ చేతిది అదొక్కటే ఉంది. ఒక్కటే ఎందుకుందో కూడా కింద రాస్తాను.

"మా అమ్మ కుట్టింది. ఎలా కుట్టిందో చూసి చెప్పమను అక్కా," అన్నాను.

పెద్దాయన దాన్ని పైనించి చూశాడు. మామూలు చొక్కానే కదా అన్నట్టు మొహం పెట్టాడు. నన్ను తొడుక్కోమన్నాడు. తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాను. అమ్మా, గళ్ళు! ఈ భుజం మీది ఎర్ర గీతా ఆ భుజం మీది ఎర్ర గీతా ఒకే ఎత్తులో ఉన్నాయి. మళ్ళీ స్కేలు తెచ్చాడు, పెట్టాడు. వాలలేదు. చొక్కా విప్పించి లోపలివైపు తిప్పి దీపం కిందికి తీసుకెళ్ళాడు. కళ్ళద్దాలు మార్చాడు. ఎడమ భుజం పట్టీ కింద చేతికుట్టుతో పరిచిన మెత్తటి గుడ్డ మడతలు ఒక్కొక్కటే గోటితో పైకెత్తి లెక్కపెట్టాడు. నాలుగు. ఒకదాని కన్నా ఒకటి కాస్త చిన్నది, మెట్లు మెట్లుగా, అంచు ఎక్కడా చేతికి తగలకుండా. అన్నిటికన్నా కింద, నా ఒంటికి తగిలేచోట, నీ పాత చీర ముక్క. లేత నీలం, చిన్న తెల్ల చుక్కలు. ఆ చీర కొంగు పట్టుకునే నేను నడక నేర్చింది. జేబు అరవేలు పైకి ఉంది. ఎడమవైపు కింద అంచు కాస్త పొట్టిగా కత్తిరించావు. కాలరు ఒక పక్క సన్నం. ఇవన్నీ ఆయన వేలితో చూపిస్తుంటే నేను మొదటిసారి చూశాను.

ఆయన కుట్టేవాళ్ళని పిలిచాడు. ఆ నలుగురూ పని ఆపి వచ్చి నీ చొక్కా చుట్టూ మూగారు. ఒకాయన నీ కుట్టు మీద వేలు పెట్టి రాసి, పక్కవాడితో ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడక్కా?"

"ఇంత సన్నంగా కుడితే కళ్ళేం కావాలి అంటున్నాడు. ఉండు, పెద్దాయన చెబుతున్నాడు... కోటులో అయితే లోపల బోలెడు దళసరి కాన్వాసు గుడ్డ ఉంటుందట, ఏం పెట్టినా దాగుతుందట. చొక్కాలో దాచడానికి చోటెక్కడిదంటున్నాడు. అందులోనూ గళ్ళ గుడ్డ మీద! గీత పట్టిచ్చేస్తుంది కాబట్టి ఎవడూ ఆ జోలికి పోడట. తనకీ రాదట."

"నిజంగా తనకి రాదన్నాడా?"

"నేనెందుకు కల్పిస్తాను? ఇరవై ఏళ్ళలో ఈయన ఇంకొకరి పని మెచ్చుకోగా నేను వినలేదు. నాలుగు తిట్లు తినకుండా ఒక్క ప్యాంటు ఇస్త్రీ చేయలేదు నేను." అక్క ఆ చీర ముక్కని వేలితో తాకి చూసింది. "మీ అమ్మ గట్టి దొంగ తమ్ముడూ. ఒంటి మీదే పెట్టి నీకే తెలియకుండా దాచింది."

ఇక ఆ ఒక్కటీ రాయాలి. మూడు పేజీల నుంచీ తప్పించుకు తిరుగుతున్నాను.

నేను కంపెనీలో చేరినప్పుడు నువ్వు ఆరు చొక్కాలు కుట్టి పంపావు. నేను ఒక్కటి కూడా వేసుకోలేదు. హాస్టల్లో అందరూ బజారు టీషర్టులు వేసేవాళ్ళు. అమ్మ కుట్టిన చొక్కా అంటే చిన్నతనమనిపించింది. మా గదిలో కళ్ళజోడు అని పిలిచే వాడొకడున్నాడు, బట్టలు లేక ఇబ్బంది పడుతుంటే వాడికి ఇచ్చేశాను. గళ్ళ రంగు నచ్చలేదని వాడు తీసుకోకపోతే ఆ ఒక్కటి మిగిలింది. నీకు మాత్రం ఫోన్‌లో అన్నీ బాగా సరిపోయాయని చెప్పాను.

వాడు మొదటిది వేసుకుని బయటికొచ్చిన రోజు ఎడమ భుజం పైకి పొడుచుకొచ్చింది, కింద అంచు ఒక పక్క ఎగిరిపోయింది. గదంతా నవ్వు. "మీ అమ్మ ఒక కన్ను మూసుకుని కుట్టిందా ఏమిట్రా?" అన్నాడొకడు. నేను ఊరుకుని ఉండొచ్చు. ఊరుకోలేదు. ఒక భుజం పైకెత్తి, వంకరగా నడిచి చూపించి, అందరికన్నా ఎక్కువ నవ్వాను. ఆ వారమే నీకు ఉత్తరం రాశాను. రెండేళ్ళయినా ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి: "నీ కత్తిరింపు పాడయిపోయిందమ్మా. రెండు వైపులూ సమానంగా రావడం లేదు. నాకింక కుట్టకు." నువ్వు జవాబు రాశావు: "నీ మాట నిజమే నాన్నా. కళ్ళు ఆనడం లేదు." ఆ తర్వాత నీ అంతట నువ్వే బయటివాళ్ళ బట్టలు కుట్టుకి తీసుకోవడం మానేశావు. అడిగితే ఓపిక లేదన్నావు.

నిన్న ఆ టైలరు గదిలో నిలబడి ఉండగా ఒక సంగతి తట్టింది. నీ చొక్కా నా ఒంటి మీద వంకర రాదు. రాలేదు, స్కేలు పెట్టి చూశారు. ఇంకొకడు వేసుకుంటేనే వంకర వస్తుంది. ఇది నాకు తెలియదు గానీ నీకు తెలుసు. నా ఉత్తరం చదివిన రోజే, ఆ ఒక్క ముక్కతోనే, నేను నీ చొక్కాలు ఎవరికో ఇచ్చేశానని నీకు తెలిసిపోయింది. తెలిసి కూడా కళ్ళు ఆనడం లేదని రాశావు. ఆ భుజం సంగతి నాకు చెప్పాల్సి వస్తుందని నీ చేతిపనినే చెడ్డది చేసుకున్నావు. ఎందుకమ్మా? చెప్పుతో కొట్టినట్టు నాలుగు మాటలు రాయొచ్చు కదా! తిట్టడం చేతకాదా నీకు? పోలీసాయన్ని నిటారుగా నిలబెట్టినదానివి, కన్న కొడుకుని నిలదీయలేకపోయావా?

నన్ను క్షమించు అని రాయను. అలా రాస్తే వెంటనే "పోనీలే నాన్నా" అంటావు, అక్కడితో తేలిపోతుంది. తేలిపోకూడదు.

ఇప్పుడు నీ ఉత్తరంలో చివరి మాటకి వస్తాను. ఎంత మామూలుగా రాశావు! "మెషిను ఊరికే ఉంటోంది, కుట్టు నేర్పే టీచరమ్మ అడిగింది, వచ్చే బుధవారం వచ్చి తీసుకుపోతుంది, బల్ల నీకేమైనా కావాలా?" బల్ల కూడానా? అమ్మా, ఆ మెషిను గడప దాటడానికి వీల్లేదు. నేను నోరు జారిన మాటకి నువ్వు నీ చేతులు కట్టేసుకుంటే నేను ఊరుకోను. టీచరమ్మకి చెప్పలేకపోతే నా మీద పెట్టి చెప్పు, నా కొడుకు మొండివాడు, ఒప్పుకోవడం లేదని. అది నిజమే కాబట్టి నీకు ఇబ్బంది ఉండదు. పెద్దమ్మతో కూడా చెప్పాను, బుధవారం పొద్దున్నే వచ్చి గుమ్మంలో కూర్చుంటానంది. ఈ పని చేసి చూపించిన చేతులకి ఓపిక లేదంటే నేను నమ్మను.

కోటు సంగతి తేల్చాల్సింది కూడా నువ్వే. నాకైతే దాచకుండా కుట్టించుకోవాలని ఉంది. ఆ వేదిక మీద ఉన్నవాణ్ణి ఉన్నట్టు నిలబడాలని ఉంది. కానీ అది నువ్వు ఇరవై రెండేళ్ళు ఒక్క కుట్టు తప్పకుండా కాపాడిన భుజం. నిన్ను అడగకుండా దాన్ని నలుగురిలో పెట్టే హక్కు నాకుందో లేదో తెలియడం లేదు. పెద్దాయనకి అదే చెప్పాను. మా అమ్మకి ఈ భుజం మీకన్నా బాగా తెలుసు, ఆవిడ జవాబు వచ్చేదాకా కత్తెర పెట్టొద్దని. అక్క అది వాళ్ళ భాషలో చెప్పగానే ఆయన తల ఊపి, ఎడమ భుజం కచ్చా కుట్ల మీదే వదిలేసి, కోటు కొయ్యకి తగిలించాడు. గురువారం సాయంత్రం దాకా ఆగుతానన్నాడు. అది దాటితే సభకి అందదు.

పుస్తకం సారు వాళ్ళ అమ్మాయికి ఒంట్లో బాగాలేదని సభ దాకా ఉండకుండా రేపే బయలుదేరుతున్నాడు. ఈ ఉత్తరం సోమవారం ఆయనే మన ఇంటికొచ్చి నీ చేతికిస్తాడు. కూర్చోమని చెప్పు, మంచివాడే. జవాబు నీ చేత్తో రాయి, పెద్దమ్మ ఫోన్‌తో ఫొటో తీయించి పంపు. మూడు సంగతులు ఉండాలి అందులో. ఆ రోజు బల్ల దగ్గర ఏం జరిగిందో పెద్దమ్మ నోటి నుంచి కాదు, నీ మాటల్లో. మెషిను ఇంట్లోనే ఉంటుందని. ఈ భుజం దాచమంటావో, వదిలేయమంటావో.

"నీ ఇష్టం నాన్నా" అని రాస్తే అది జవాబు కాదు, చింపేస్తాను. గురువారం సాయంత్రం ఆరింటికి ఆయన షాపు మూస్తాడు. నేను అయిదింటి నుంచే ఆ మెట్ల మీద కూర్చుని ఉంటాను. ఆరులోపు రాయి.

ఇట్లు,
నీ మీద కోపం ఇంకా తగ్గని
నీ కొడుకు